తలుపు కొట్టని ఇంటికి పిస్టల్

ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి, అక్కా అనడానికి ఆపా అని పిలిచి అడుగుతూనే ఉంటారు. "ఆపా, ఇంట్లో పెట్టుకోవడానికి ఏ పిస్టల్ మంచిది? నైన్ ఎమ్ఎమ్మా, ఫార్టీ ఫైవా?" అడిగేవాళ్ళలో చాలామంది తుపాకిని సినిమాలో తప్ప చూసి ఉండరు. లైసెన్సు వచ్చే దారి కూడా కనబడదు. అయినా అడుగుతారు, నేను తుపాకుల మధ్య బతికి రిటైరయిన మనిషినని తెలుసు కాబట్టి. నేను ఎప్పుడూ ఒకటే జవాబు చెప్తాను. అది వాళ్ళకి నచ్చదు. నచ్చకపోతే మానుకోండి. ఆ జవాబు కోసం ఒకప్పుడు ఉద్యోగాన్నే పణంగా పెట్టినదాన్ని, ఇప్పుడు ఫోన్లో మొహమాటపడి మార్చుకుంటానా?

గల్ఫ్‌కి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ఇది చదవాలని నా కోరిక. తుపాకి గురించి కాదు. పై అధికారి "ఏదో ఒకటి మధ్యస్తంగా చెప్పెయ్యి" అన్నప్పుడు ఏం చెయ్యాలో ఆలోచించుకోవడానికి.

మాది కడప. ఇంట్లో మాట ఉర్దూ, బడిలో చదువు తెలుగు, కోపం వస్తే రెండూ. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబుల్‌గా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం ఆయుధాల గదిలో గడిపాను. తుపాకులు విప్పడం, తుడవడం, నూనె పెట్టి మళ్ళీ బిగించడం, ఫైరింగ్ ప్రాక్టీసుకి వచ్చినవాళ్ళ పక్కన నిలబడి వాళ్ళ భుజం మీదో ముంజేతి మీదో కన్ను వేసి ఉంచడం, ఇదీ నా పని. మా ఆయన మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఒక వర్క్‌షాపులో బండ్ల మెకానిక్. చెరో దేశంలో ఎన్నాళ్ళు కాపురం చేస్తామని నేను వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని మస్కట్ వచ్చేశాను. హాయిగా వంట చేసుకుంటూ కూర్చుందామనుకున్నాను. ఆ హాయి నాకు పట్టలేదు. రూమ్‌లో ఉన్న గ్యాస్ పొయ్యినే విప్పి తుడిచి బిగించడం మొదలుపెట్టాక, మా ఆయనే కంగారుపడి నాకో పని వెతికిపెట్టాడు.

ఊరి బయట ఒక షూటింగ్ క్లబ్బు. శనివారం పొద్దున ఆడవాళ్ళకి మాత్రమే. వాళ్ళ పక్కన నిలబడి నేర్పడానికి ఒక ఆడమనిషి కావాలి. మేనేజర్ కేరళ ఆయన, నేవీలో చేసి వచ్చినవాడు. ఇంటర్వ్యూ అని పిలిచి ఏమీ అడగకుండా ఒక పిస్టల్ చేతికిచ్చాడు. నేను దాని మూతి నేలకి తిప్పి, ముందు అది ఖాళీగా ఉందో లేదో చూశాను. "చాలు, శనివారం రా" అన్నాడు. మంచి మనిషి. ఆ ముక్క ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో ఆయన్ని తిట్టబోతున్నాను.

ఆ శనివారాలంటే నాకు ప్రాణం. అబాయా అనే నల్ల పైగౌను చేతులు పైకి మడిచి పిన్నులు పెట్టుకుని, తలగుడ్డ కింద చెవుల్లో చప్పుడు ఆపే బెండ్లు దోపుకుని వరసగా నిలబడేవాళ్ళు. డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లల్ని బయట డ్రైవరుకి అప్పగించి వచ్చిన తల్లులు. నన్ను "ఉస్తాదా" అనేవాళ్ళు, అంటే పంతులమ్మ. కడపలో ఎస్సై గారు నన్ను "ఏయ్" అనేవాడు. ఆ లెక్కన నాకు పెద్ద ప్రమోషనే.

వాళ్ళలో ఒకమ్మాయి నిజంగానే పంతులమ్మ. ఖురియాత్ అనే ఊళ్ళో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. ప్రతి శనివారం కొండదారిలో కారు నడుపుకుంటూ అందరికన్నా ముందు వచ్చేది. ఆమె చేతికి టూ-టూ పిస్టల్ ఇచ్చిన మొదటి రోజే నాకు ఒళ్ళు పులకరించింది. టూ-టూ అంటే అన్నిటిలోకీ సన్నని తూటా. చప్పుడు తక్కువ, చేతిలో తన్ను ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఆటకి పుట్టిన తూటా అది. ఆ అమ్మాయి సగం ఊపిరి వదిలి ఆపి, ట్రిగ్గర్ నొక్కుతున్నట్టే కనబడకుండా నొక్కేది. కాగితం మీద చిల్లులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడేవి. మహా మహా గురికాళ్ళ పక్కన నిలబడ్డాను, అంత నెమ్మది చెయ్యి నేను చూడలేదు. ఆమెని క్లబ్బు జట్టులోకి తీసుకోవాలని మేనేజరే అన్నాడు. జట్టులో ఆడాలంటే సొంత పిస్టల్ ఉండాలి. కథ అక్కడ మొదలయింది.

వాళ్ళ నాన్న పోయాడు. ఖురియాత్ ఇంట్లో తల్లీ, ఆమే ఉంటారు. ఇంటి పెద్ద అన్న. మస్కట్‌లో చేపల ఎగుమతి వ్యాపారం, బొంబాయి వాళ్ళతో లావాదేవీలు, అందుకని మనకన్నా బాగా హిందీ మాట్లాడతాడు, చెల్లెలికీ నేర్పాడు. చెల్లెలంటే పంచప్రాణాలు. ఈమధ్యే వాళ్ళ పక్క తోటలో నీళ్ళ మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. అప్పటినుంచి ఆయనకి ఒకటే బెంగ. ఒకరోజు చెల్లెలితో కలిసి క్లబ్బుకి వచ్చి, తన షరతు చెప్పాడు. ఆ ఇంట్లోకి ఒకే ఒక్క పిస్టల్ వస్తుంది. అది చెల్లెలి ఆటకీ పనికిరావాలి, ఇంటి కాపలాకీ పనికిరావాలి. ఏ సైజు తగునో క్లబ్బు చెప్పాలి. కుదరదంటే ఆట కూడా ఆపెయ్యాలి.

పర్మిట్లు, కాగితాలు ఆయన చూసుకుంటాడు. మా మేనేజర్ చెయ్యవలసిందల్లా ఒక్క మాట చెప్పడం. ఆ మాట నన్ను చెప్పమన్నాడు.

"టూ-టూ" అన్నాను.

అన్న నవ్వాడు. "ఉస్తాదా, ఆ చిన్నదాన్ని చూస్తే దొంగ కూడా నవ్వుతాడు."

"ఆటకి కావలసింది వేరు, కాపలాకి కావలసింది వేరు సాబ్. ఒకే చెప్పులేసుకుని పెళ్ళికీ పోయి, తోటలో నీళ్ళు కట్టడానికీ పోతామా?"

ఆయన తన కాళ్ళకున్న తోలు చెప్పుల వైపు చూసుకున్నాడు. "నేను పోతాను" అన్నాడు.

నిజమే, అక్కడ అందరూ పోతారు. నా మాట నాకే తిరిగొచ్చింది. పంతులమ్మ మూతి బిగించి నవ్వు ఆపుకుంది. మేనేజర్ మాత్రం ఆ సందులో దూరి, "ఫార్టీ ఫైవ్ ఒకసారి పేల్చి చూడనిద్దాం" అన్నాడు.

ఫార్టీ ఫైవ్ అంటే బొటనవేలంత లావు తూటా. ఆడవాళ్ళు పేల్చలేరని నేను అనను. అన్నవాళ్ళని వదలను కూడా. కడపలో మగవాళ్ళు భుజం పట్టుకుని కూర్చున్న తుపాకుల్ని నేను పేల్చి, తుడిచి, అల్మారాలో పెట్టి, ఇంటికెళ్ళి రొట్టెలు చేసుకున్నాను. ఏ చెయ్యైనా నేర్చుకుంటుంది. కానీ నేర్చుకోవడానికి ఒక వరస ఉంది. సన్నని తూటాకి అలవాటుపడిన చెయ్యి, చుట్టూ మగవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తుండగా, ఒక్కసారిగా ఆ దెబ్బ తింటే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు.

మొదటి గుండు కాగితం అంచుకి తగిలింది. రెండోది కాగితాన్నే వదిలేసింది. మూడోసారికి ఆమె కళ్ళు ముందే మూసుకోవడం చూశాను. "చాలు" అని నేనే పిస్టల్ తీసేసుకున్నాను. అన్న ఆమె భుజం తట్టి, "అలవాటయిపోతుంది" అన్నాడు.

తర్వాతి శనివారం ఆమె చేతికి మళ్ళీ తన టూ-టూ ఇచ్చాను. చిల్లులు చెల్లాచెదురు. అనుమానమొచ్చి, మ్యాగజైన్‌లో తూటాల మధ్య ఆమెకి చెప్పకుండా ఒక ఉత్తి తూటా కలిపాను. పేలనిదన్నమాట. అది వచ్చినప్పుడు ట్రిగ్గర్ టిక్కుమంది, అంతే. కానీ పిస్టల్ మూతి, దెబ్బ తగలబోతోందన్నట్టు, జానెడు కిందికి దిగింది. ఆమె చెయ్యి లేని దెబ్బకి బెదిరింది. అది ఆమెకీ కనబడింది. పిస్టల్ బల్ల మీద పెట్టేసి, అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"నా చెయ్యి నా మాట వినడం లేదు ఉస్తాదా. అన్న చెప్పినట్టు మానేస్తే సరిపోతుందేమో" అంది.

అంత మంచి చెయ్యిని, రాని దొంగ కోసం పాడుచేశారు. నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్ళాను. ఆయన నాకోసమే చూస్తున్నట్టున్నాడు. "కూర్చో. ఒక దారి ఆలోచించాను. నైన్ ఎమ్ఎమ్ అని చెప్పు. చిన్నది కాదు, పెద్దది కాదు. అన్నకి సంతోషం, చెల్లెలికి సంతోషం."

"నైన్ మంచిదే సార్, అందులో అబద్ధం లేదు. కానీ ఈ పొద్దు ఆ అమ్మాయి చెయ్యి నైన్‌కీ బెదురుతుంది. జట్టు పోతుంది. ఇంక ఆ ఇంట్లో ఆ పిస్టల్ ఏం కాపలా కాస్తుందో నాకు అర్థం కావడం లేదు."

"నిన్ను అడిగింది సలహా. తీర్పు కాదు."

"నా సలహా టూ-టూ. అది కూడా ఆటకి. కాపలాకి నేను ఏ సైజూ చెప్పను."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "ఆ అన్న మన క్లబ్బుకి ఎంత కావలసిన మనిషో తెలుసా? నువ్వు మొండికేస్తే ఇంక శనివారాలు రానక్కర్లేదు."

"రాను. నైన్ అని మాత్రం అనను."

వచ్చేశాను. దారంతా వేడెక్కిపోయి ఉన్నాను. రూమ్‌కి వచ్చి చెప్తే మా ఆయన చేతులకి అంటిన గ్రీజు రుద్దుకుంటూ, "స్పానరు సైజు కాడ ఓనర్‌తో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నోన్ని చూసినా. తూటా సైజు కాడ పోగొట్టుకుంటాండేది నువ్వేలే" అన్నాడు. చేతులు కడుక్కుని వచ్చాక, "పోతే పోనీలే. గ్యాస్ పొయ్యి ఒగటి మాత్రం ముట్టుకోవాక" అన్నాడు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కానీ అన్నగారికి నా మొండితనం వేరేలా తగిలింది. "ఆమెని మా ఇంటికి రమ్మనండి. ఆ ఇల్లు ఎంత ఒంటరిగా ఉందో కళ్ళతో చూశాక కూడా ఇదే మాట అంటే, అప్పుడు చూద్దాం" అని మేనేజర్‌కి చెప్పాడట. శుక్రవారం భోజనానికి పిలుపు వచ్చింది.

ఆ వారమంతా నేను పరీక్షకి చదివినట్టు చదివాను. గోడల సంగతి, కిటికీల సంగతి, ఏ తూటా దేన్ని దాటుతుంది, ఇరుకు గదిలో ఎంత చప్పుడు చేస్తుంది, అన్నీ మనసులో పేర్చుకున్నాను. పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? మా ఆయన కారులో దింపేటప్పుడు కూడా పాఠం అప్పజెప్పుకుంటూనే ఉన్నాను.

ఖురియాత్ ఊరు దాటాక ఖర్జూరం తోటల చివర ఉంది ఇల్లు. దగ్గర్లో ఇంకో ఇల్లు లేదు, అన్న భయపడటంలో తప్పు లేదు. గేటు బార్లా తీసి ఉంది. వీధి తలుపూ తీసే ఉంది. నేను ఆ తెరిచిన తలుపునే కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టి, "ఈడ ఎవురూ లేరా ఏంది?" అని పైకే గొణుక్కున్నాను.

లోపల్నుంచి తడి చేతులు తుడుచుకుంటూ ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. "అమ్మ బాబోయ్, తెలుగోరాండీ!" అంది. కోనసీమ నుంచి వచ్చి ఆ ఇంట్లో వంటా, పెద్దావిడ బాగోగులూ చూసే మనిషి. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోతూ, "ఎవరబ్బా తలుపు కొడతన్నారని హడిలిపోయానండి. నేనొచ్చాక ఈ ఇంట్లో తలుపు కొట్టి వచ్చినోళ్ళు మీరొక్కరేనండి" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మాటలో ఎంత ఉందో అప్పుడు తలకెక్కలేదు.

కాఫీ, ఖర్జూరాలు ముందు పెట్టారు. చిన్న కప్పు ఇంకా ఖాళీ కాలేదు, మూత పెట్టిన పళ్ళెంతో ఊళ్ళోంచి ఒకావిడ వచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెం పెట్టి, అప్పుడు సలాం చెప్పింది. ఆమె వెనకే ఒక ముసలాయన ఆడవాళ్ళు కూర్చోని వైపు నుంచి పెద్ద చేపని తోక పట్టుకుని తెచ్చి గచ్చు మీద వేసి, సలాం చెప్పి వెళ్ళిపోయాడు. తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ ఇద్దరు పిల్లకాయలు వచ్చి మంచం కింద కూడా తొంగిచూశారు. ఎవరూ తలుపు కొట్టలేదు. పొద్దు పొడిచినప్పటినుంచి ఆ తలుపులు అలాగే తీసి ఉంటాయట. మూస్తే ఇంట్లో ఎవరికో బాగోలేదనుకుని ఊరంతా పరామర్శకి వస్తారట. పంతులమ్మ తల్లి దిండ్లకి ఆనుకుని కూర్చుని ఏదో సణిగింది. పంతులమ్మ నవ్వుతూ నాకు చెప్పింది: "గేటు దగ్గర చెప్పవలసిన సలాం గిన్నెల దగ్గర చెప్తున్నారని అమ్మ గొడవ. రోజూ ఉండేదే."

జుమ్మా నమాజు అయ్యాక అన్న వచ్చాడు. ఇల్లంతా తిప్పి చూపించాడు. "దొంగ ఇటు నుంచి వస్తాడనుకోండి, చెల్లెలు ఇక్కడ నిలబడుతుంది" అంటూ నడవా చివర తనే నిలబడి చూపించాడు. నేను నా పాఠం తీశాను. నడవా పక్క గోడ మీద వేలితో కొట్టాను. డొల్ల చప్పుడు, జిప్సం పలక. "ఈ గోడకి అవతల మీ అమ్మగారి తలగడ ఉంది. ఏ తూటా అయినా దీన్ని లెక్కచెయ్యదు సాబ్, చిన్నదయినా సరే."

"గురి తప్పితే కదా గోడకి తగిలేది. మా చెల్లెలు గురి తప్పదు. మీరే కదా అన్నారు."

అవును, నేనే అన్నాను; ఈమధ్య చెదిరిందంటే మళ్ళీ అలవాటయిపోతుందంటాడు. వారమంతా పేర్చుకున్న పాఠం అక్కడితో కూలిపోయింది. ఓడిపోయానని ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు. భోజనాల దగ్గర కోనసీమావిడ, "చేప ముక్క ఏసుకోండి, ఆలోచనలు తర్వాత చేద్దురుగాని" అని వడ్డిస్తూనే ఉంది.

తిన్నాక అన్న మస్కట్‌లో పనుందని చెప్పి బయల్దేరాడు. కారు వెళ్ళిన చప్పుడు విన్నాం. ఎండ మండిపోతోంది. లావుపాటి తెరలు దించేస్తే మధ్యాహ్నమే ఇల్లు చీకటి గుయ్యారమయింది. పెద్దావిడ మంచం మీద, మేం ముగ్గురం కింద తివాచీ మీద నడుం వాల్చాం.

కన్ను అంటుకుంటుండగా వంటింటి వైపు ఏదో గిన్నె దొర్లింది. మేక అనుకున్నాను. తర్వాత నడవాలో చెప్పుల్లేని అడుగులు. మనిషి. నెమ్మదిగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు. పంతులమ్మ చటుక్కున లేచి గోడకి అతుక్కుని నిలబడింది. ఆమె ఊపిరి నాకు వినబడుతోంది. నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. ద్వారం దగ్గర తలకీ మొహానికీ గుడ్డ చుట్టుకున్న ఒక ఆకారం ఆగింది.

"అమ్మో, ఎవరండీ!" అని కోనసీమావిడ కేక పెట్టింది.

"నేనే, నేనే" అంటూ ఆకారం మొహం మీది గుడ్డ లాగేసింది. అన్న. దారిలో ఫోన్ గుర్తొచ్చి వెనక్కి వచ్చాడట. ఎండకి తలగుడ్డ మొహం మీదికి చుట్టుకున్నాడు, కారు గేటుకి దూరంగానే వదిలేశాడు, అమ్మ నిద్ర చెడుతుందని మునివేళ్ళ మీద నడిచాడు. ఇల్లు తనది. తలుపు తెరిచి ఉంది. ఆయన నవ్వుతున్నాడు.

పంతులమ్మ నవ్వలేదు. గోడ దగ్గర్నుంచి కదలకుండానే అడిగింది. "అన్నా, ఇప్పుడు నువ్వు కొనిస్తానన్నది నా చేతిలో ఉంటే?"

"నా నడక నీకు తెలియదా ఏమిటి?"

"తెలియలేదు" అంది. "నేను గురి తప్పను. నువ్వే కదా అన్నావు."

ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఆ ద్వారంలో, భోజనానికి ముందు దొంగ ఎటు నుంచి వస్తాడని చూపించాడో సరిగ్గా ఆ చోటునే, గోడకి చెయ్యి ఆనించుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. కోనసీమావిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, నా వైపు చూశాడు.

"ఉస్తాదా, మీరేమంటారు?"

అప్పుడు చూసుకున్నాను నా చేతిని. అది నా కుడి నడుము మీద ఉంది. కడపలో డ్యూటీలో పిస్టల్ వేలాడే చోట. ఆ చోటు ఖాళీ అయి ఏళ్ళయింది, అయినా చెయ్యి పోయింది. "సాబ్, నా చెయ్యి చూడండి" అన్నాను. "అక్కడ పిస్టల్ ఉండి ఉంటే నేను ఆగేదాన్నో లేదో అల్లాకే తెలుసు. నేర్చినదాన్ని, నేర్పినదాన్ని. మీ అందరి మొహాలు ఇందాకే చూసినదాన్ని. ఆ తూటా చిన్నదో పెద్దదో తెలుసుకోవడానికి మీరు ఉండేవాళ్ళు కాదు."

మంచం మీది పెద్దావిడకి ఇవేవీ పట్టలేదు. ఒకటే అరుపు అరిచింది. ఎవరూ తర్జుమా చెయ్యకపోయినా నాకు అర్థమయింది. సలాం గేటు దగ్గర చెప్పమని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!

తర్వాతి శనివారం నాకు క్లబ్బు నుంచి పిలుపు లేదు. అయినా వెళ్ళాను. రావద్దంటే మానేసేదాన్ని కాదు అని మేనేజర్‌కీ తెలియాలి కదా. మేనేజర్ నైన్ ఎమ్ఎమ్ ఒకటి బల్ల మీద సిద్ధంగా పెట్టుకుని, నన్ను చూసి మొహం చిట్లించాడు. అంతలో అన్న, చెల్లెలు వచ్చారు. అన్న ఆ పిస్టల్ వైపు చూడను కూడా చూడలేదు.

"టూ-టూ" అన్నాడు. "పర్మిట్ మాట్లాడాను. అది ఇక్కడే, మీ తాళం అల్మారాలోనే ఉంటుంది. మా ఇంటి గడప తొక్కదు."

"మరి ఇంటి కాపలా?" అన్నాడు మేనేజర్.

"అది అమ్మ చూసుకుంటుంది."

వాళ్ళు బయటికి వెళ్ళాక మేనేజర్ నన్ను ఎగాదిగా చూశాడు. నా మొహం బాగా మాట్లాడుతుందని మా ఆయన అంటుంటాడు. "చెవి బెండ్లు తక్కువగా ఉన్నాయి, స్టోర్‌లోంచి తీసుకురా" అన్నాడు మేనేజర్.

"శనివారాలు రావద్దన్నారు కదా సార్?"

"నేనెప్పుడన్నాను?" అన్నాడు. అంత అమాయకంగా అన్నాడంటే ఆయన మీద కోపం అక్కడే పోయింది.

ఆ అమ్మాయి చెయ్యి దారికి రావడానికి నెలలు పట్టింది. ఉత్తి తూటాలు కలుపుతూ, ఒకోసారి అన్నీ ఉత్తివే పెడుతూ, లేని దెబ్బకి బెదరకూడదని చేతికి మళ్ళీ నేర్పాం. ఒకనాడు టిక్కుమన్నా మూతి కదల్లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, రేంజ్‌లో మాట్లాడకూడదన్న రూలు మర్చిపోయి అరిచాం. జట్టులోకి వెళ్ళింది. నేను రిటైరయ్యేదాకా నా పక్కనే నిలబడి, కొత్తగా వచ్చినవాళ్ళకి లెక్కలు చెప్పినంత ఓపికగా నేర్పింది.

మధ్యస్తంగా చెప్పెయ్యమనేవాళ్ళు మీకూ తగులుతారమ్మా. వాళ్ళు చెడ్డవాళ్ళు అయి ఉండరు. పెన్ను మూత తీసి పెట్టుకుంటూ మీ మేలు కోరుతున్నట్టే మాట్లాడతారు. వినండి, టీ ఇస్తే తాగండి. మీ చేతికి తెలిసినదాన్ని మాత్రం వదులుకోకండి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. దొరక్కపోతే గ్యాస్ పొయ్యి ఉంది.

రిటైరయ్యాక ఇద్దరం మస్కట్‌లోనే, అల్ ఖౌద్‌లో కాపురముంటున్న మా కూతురి దగ్గర ఉంటున్నాం. మొన్న ఒక శుక్రవారం ఖురియాత్ నుంచి భోజనానికి పిలుపు వచ్చింది. గేటు అలాగే బార్లా తీసి ఉంది, వీధి తలుపూ తీసే ఉంది. కోనసీమావిడ వంటింటి కిటికీలోంచి చూస్తున్నా నోరు మెదపలేదు. సలాం వినబడేదాకా పలకకూడదన్న ఆ ఇంటి రూలు ఆవిడకి బాగా ఒంటబట్టింది. గేటు కొట్టడానికి చెయ్యి ఎత్తబోయి దించేశాను. గేటు దగ్గరే ఆగి, పరేడ్ మైదానంలో వాడిన గొంతు ఇంకా ఉందో లేదో చూద్దామని, గట్టిగా సలాం చెప్పాను. ఖర్జూరం చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. లోపల్నుంచి నాలుగు గొంతులు ఒక్కసారిగా బదులు పలికాయి.

అన్నగారు చెవులు మూసుకుని గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం నెరిసింది.

"ఉస్తాదా, ఇది ఫార్టీ ఫైవ్!"

"మీరు అడిగింది పెద్దదే కదా సాబ్" అన్నాను. చెప్పులు విప్పి లోపలికి నడిచాను.